పేరు పెట్టి పిలవడం

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను రష్యన్‌లో గట్టిగా మాట్లాడతాను. కూరగాయలు తరుగుతూ బేరమాడతాను. బట్టలు ఆరేస్తూ, లేని పొరుగావిడతో తగువు పెట్టుకుంటాను. మిక్సీ ఆగిపోతే దానికి చీవాట్లు పెడతాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వస్తుంది. తెలుగులో నేనెప్పుడూ ఎవరితోనూ అలా మాట్లాడలేదు. కోదాడ బస్సులో దిగాల్సిన చోటు వచ్చినా కండక్టర్‌ని ఆపమనడానికి నోరు రాక, తర్వాతి స్టేజీలో ఎవరో దిగుతుంటే వాళ్ళ వెనకే దిగి, నడిచి వెనక్కి వచ్చిన రోజులున్నాయి.

ఒకసారి అమ్మ తలుపు తోసుకుని వచ్చి, "ఎవలే ఫోన్ల?" అని అడిగింది. "ఫ్రెండ్" అన్నాను. నాలో నేనే మాట్లాడుకుంటున్నానని చెప్పడం కంటే అదే నయమనిపించింది. అమ్మ ఆ ఫ్రెండ్ గురించి ఇప్పటికీ అప్పుడప్పుడు అడుగుతూ ఉంటుంది.

హైదరాబాద్‌లో డిగ్రీలో రష్యన్ తీసుకున్నాను. పుస్తకాల పిచ్చి ఒక కారణం, సీటు తేలిగ్గా రావడం ఇంకో కారణం. రష్యా ఎప్పుడూ చూడలేదు. చదువయ్యాక సూర్యాపేటకు తిరిగొస్తే, అక్కడికి డాక్టరు చదువుకు వెళ్ళబోయే పిల్లలకు భాష నేర్పే పని దొరికింది. బస్టాండుకు దగ్గర్లో ఒక ఇంటి మేడ మీద మా క్లాసు. వారంలో కొన్ని పొద్దులు కోదాడలో కూడా చెప్పేదాన్ని.

అక్కడి కాలేజీల్లో పాఠాలు ఇంగ్లిష్‌లోనే చెబుతారు. కానీ మూడో ఏడు నుంచి ఆసుపత్రికి పంపుతారు. మంచం మీద పడుకున్న రోగికి ఇంగ్లిష్ రాదు. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, రాత్రి నిద్ర పడుతోందా అని వాళ్ళ భాషలోనే అడగాలి. మా పిల్లలు అక్షరాలు నేర్చుకున్నారు, వాక్యాలు బట్టీ పట్టారు. నేను బోర్డు మీద రాసింది చూసి గడగడా చదివేవాళ్ళు. బోర్డు తుడిచేస్తే అందరూ ఒకేసారి ఫ్యాన్ వైపు చూసేవాళ్ళు. వాళ్ళ పరిస్థితి నాకు బాగా తెలుసు. గదిలో గోడలతో మాట్లాడే భాష వేరు, ఎదురుగా మనిషి కూర్చుంటే రావాల్సిన భాష వేరు.

అందుకని రోగుల్ని వెతకాలనుకున్నాను. మొదటి ప్రయత్నం కోదాడలో చేశాను. మా సెంటర్ పక్కింట్లో రిటైరైన టీచరుగారు ఉండేవారు. రోగిగా కూర్చోమని అడిగితే సంతోషంగా ఒప్పుకున్నారు. కోదాడ కుర్రాడొకడు, క్లాసులో అందరికంటే హుషారైనవాడు, ఆమె ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, నేను నేర్పినట్టే ఆమెను పేరు పెట్టి పిలిచి, దానికి ఆమె తండ్రి పేరు జోడించాడు. రష్యాలో పెద్దవాళ్ళను గౌరవంగా పిలవాలంటే పద్ధతి అదే. బామ్మా, అత్తమ్మా అని వరసలు కలపరు. అసలు పేరు, దాని వెనక తండ్రి పేరు. డాక్టరు రోగి దగ్గరికి వచ్చి మొదట అనాల్సిన మాట అది.

టీచరుగారి మొహం మారిపోయింది. "నా దగ్గర చదువుకున్నోళ్ళు కలెక్టర్లయ్యారు బాబూ. ఒక్కడూ నన్ను పేరు పెట్టి పిలవలా" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు. కుర్రాడు నా వైపు తిరిగి, "మేడం, గౌరవమన్నారు కదండీ?" అన్నాడు. కోదాడలో మా రోగులు అంతటితో అయిపోయారు.

సూర్యాపేటలో ఆ ఇబ్బంది రాలేదు. మా క్లాసు కింది వాటాలో ఇంటి యజమానురాలు ఉండేది. కొడుకు, కోడలు, మనవలతో నిండిన ఇల్లు. వీధిలో అందరికీ ఆమె అవ్వ. మధ్యాహ్నం పూట నలుగురు ఆడవాళ్ళు ఆమె అరుగు మీద చేరి, బియ్యంలో రాళ్ళు ఏరుతూ, గోంగూర తుంపుతూ కూర్చునేవాళ్ళు. అందరికీ ఏదో ఒక నొప్పి ఉండేది, అందరికీ చెప్పుకోవాలని ఉండేది. నేను మెట్ల మీద నిలబడి, అడగాలా వద్దా అని తటపటాయిస్తుంటే అవ్వే పిలిచింది.

"ఏం పిల్లా, గాడనే నిలవడ్డవ్. ఏమన్న గావాల్నా?"

చెప్పాను. అవ్వకు కొంచెం చెవుడు. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"నొప్పులు చెప్పుకోనీకి మాకు ఎవలన్న దొరికితె సాలు" అంది. "ఏ భాషల అడిగితె ఏంది. నా కోడలైతె తెలుగుల గూడ అడగది."

లోపలి నుంచి కోడలు, "ఇనవడుతాంది అత్తమ్మా" అంది. అరుగు మీదవాళ్ళంతా నవ్వారు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం క్లాసు అరుగు మీదికి దిగింది. కోదాడ పిల్లలు కూడా బస్సెక్కి వచ్చేవాళ్ళు. ఒకరు రష్యన్‌లో అడగాలి, ఇంకొకరు తెలుగులోకి మార్చాలి, రోగి చెప్పింది మళ్ళీ రష్యన్‌లోకి మార్చాలి. మొదటి రోజే అభాసైంది. ఒకామెను తండ్రి పేరు అడగమంటే, కోదాడ కుర్రాడు టీచరుగారి దెబ్బ గుర్తుపెట్టుకుని, "మీ పేరు పక్కన ఏ పేరు రాస్తారండీ?" అని సుతారంగా అడిగాడు. ఆమె సిగ్గుపడి, పక్కామెను మోచేత్తో పొడిచింది. మొగుడి పేరు తాను పలకదు. పక్కామె చెప్పింది. కుర్రాడు దానికే తండ్రి పేరుకు చేర్చాల్సిన ముక్క చేర్చి, ధీమాగా పిలిచాడు. నేను నెమ్మదిగా, అలా అంటే ఆయనకు కూతురని అర్థం అన్నాను.

"ఓరి నీ అయ్య, పెనిమిటికి బిడ్డను జేస్తివి గదరా" అని అవ్వ చేటలో బియ్యం ఒలికేటట్టు నవ్వింది. ఆ ఆడవాళ్ళను ఎవరు ఎప్పుడు ఏం అడిగినా మొగుడి పేరే అడిగారు కాబోలు. తండ్రి పేరు కావాలంటే కాసేపు ఆలోచించి చెప్పేవాళ్ళు.

తర్వాత రోజుల్లో పని సాగింది. "మీ ఫిర్యాదు ఏమిటి" అని, రష్యన్ డాక్టర్లు బాధ అడిగే మాటను పొల్లుపోకుండా అనువదిస్తే, ఒకామె కోడలి మీద మొదలుపెట్టి నల్లా నీళ్ళ దాకా వెళ్ళింది. అవ్వ 'బలీత్' అన్న మాట పట్టుకుంది. నొప్పి అని అర్థం. పొద్దున నేను గేటు తీసుకుని వస్తుంటే, "మోకాలు బలీత్, నడుము బలీత్" అని చెప్పేది. దవాఖానకు పోయినప్పుడు డాక్టరుతో కూడా అలాగే అన్నదట.

అందరూ మాట్లాడుతున్నారు, ఒక్క పిల్ల తప్ప.

గరిడేపల్లి వైపు పిల్ల. రాసిందంటే ఒక్క తప్పు ఉండదు. మిగతావాళ్ళు ఆమెది చూసే రాసుకునేవాళ్ళు. కానీ రోగి ముందు కూర్చోబెడితే చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నేల చూసేది. నేను ఆమెను కోప్పడలేదు. ఆమెను చూస్తే నాకు బస్సులో నేను గుర్తొచ్చేదాన్ని.

వాళ్ళ నాన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. పిల్లల్ని తీసుకొస్తామంటే ఆయనే యజమానిని అడిగి ఒప్పించాడు. హమాలీలకు భుజాలు, నడుములు నొప్పులు కదా, మాకు కావాల్సింది అదే. ఒక ఆదివారం వెళ్ళాం. ఉడికిన వడ్ల వాసన, ఊక దుమ్ము, గేటు బయట లారీలు. హమాలీలు బస్తాలు దించి, తువ్వాలతో మెడలు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు. ఒకాయన, "డాక్టరు సారూ, సూది మాత్రం ఎయ్యకు" అని ముందే చెప్పాడు. కోదాడ కుర్రాడు ఆయన భుజం పట్టుకుని అడుగుతుంటే చుట్టూ గుంపు చేరింది.

ఆ పిల్ల వంతు వచ్చింది. ఎదురుగా ఒక పెద్దాయన. ఆయన ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. "అడుగు బిడ్డా, ఏమడుగుతవో" అన్నాడు. ఆమె పెదవులు కదిలాయి, మాట రాలేదు. అటు బాయిలర్ దగ్గర నుంచి వాళ్ళ నాన్న చూస్తున్నాడు. ఆయన తల మీద, కనుబొమల మీద ఊక బూడిద. ఆ పెద్దాయనే చివరికి, "పోనీ తియ్, బిడ్డకు సిగ్గు" అని లేచాడు.

మేము బస్సెక్కబోయే ముందు ఆ పిల్ల నాన్న నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, ఒక మాట. నా బిడ్డ ఇంట్ల గూడ నోరిప్పది. ఆడ ఆరేండ్లుండాలె. తెలిసినోడు లేడు, మన మాట లేదు. కడుపునొప్పి అయితె ఎవలకు చెప్పుకుంటది? నాకు నిద్ర వడ్తలేదు."

నేను తల ఊపాను.

"క్లాసులు అయిపోయే రోజు నేనొస్త. ఒక్కసారి మాట్లాడంగ నా చెవులతోని ఇంటె పంపుత. లేదంటె గీడనే నర్సింగుల ఏస్త. అదేం తక్కువ సదువు గాదు గదా?"

కాదన్నాను. నిజంగానే కాదు. కానీ ఆ పిల్ల ఆయన వెనకాల నిలబడి వింటోంది. బస్సులో నా పక్క సీట్లోనే కూర్చుంది. గరిడేపల్లి దాటింది. తన ఊరు స్టేజీ దాటిపోతుంటే కూడా ఆమె ఆపమని అనలేదు. నేనూ అనలేదు. సూర్యాపేట దగ్గర పడుతుండగా అప్పుడు చెప్పింది.

"మేడం, మిగతావన్నీ వస్తయి నాకు. ఆ మొదటి మాట దగ్గరనే ఆగిపోతున్న."

"పేరా?"

"పెద్దోళ్ళను పేరు వెట్టి పిలువబుద్ధి అయితలేదు. మా తాత వయసు ఆయనకు. నోట్లనే ఉంటది, బయటికి రాదు."

ఆ రాత్రి ఆమె మా ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మ ఆమెకు అన్నం పెడుతూ, ఇన్నాళ్ళూ ఫోన్లో మాట్లాడే ఫ్రెండ్ ఈ అమ్మాయే అనుకుని ఎంతో సంబరపడింది. ఈమె ఇంత తక్కువ మాట్లాడుతుందేమిటని మాత్రం ఆశ్చర్యపోయింది. పడుకునే ముందు డైరీలో ఒక్క వాక్యమే రాసుకున్నాను. గౌరవం ఎక్కువై మూగబోయిన పిల్ల అని.

మర్నాడు, మిగతావాళ్ళు రాకముందే, ఆమెను తీసుకుని అరుగు దగ్గరికి వెళ్ళాను.

"అవ్వా, ఈ పిల్ల నిన్ను పేరు పెట్టి పిలుస్తుంది. కోపం చేసుకోవద్దు" అన్నాను.

"పిలువనీ. నా పేరుకేమన్న జ్వరమొచ్చిందా?"

"మీ అయ్య పేరు కూడా కావాలి."

అవ్వ చేతిలో గోంగూర కాడ ఆగిపోయింది. "మా అయ్య పేరా" అంది. "గిది ఎవలడుగుతున్నరు, నువ్వా, రష్యా వోళ్ళా?"

"రష్యావాళ్ళే అవ్వా."

ఆమె చెప్పింది. పెన్‌పహాడ్ దగ్గర ఊరు ఆయనది. ఎడ్లను చూసుకునేవాడట. దారిన పోతూ పాట పాడితే ఊరంతటికీ వినిపించేదట. ఇంత చెప్పి, "ఈ ఊర్ల ఆయన పేరు తెలిసినోళ్ళు ఎవలున్నరు" అని మళ్ళీ ఆకులు తుంపడం మొదలుపెట్టింది. అవ్వ పేరు కూడా ఆ రోజే నాకు తెలిసింది. ఇన్ని నెలలుగా ఆమె ఇంటి మెట్లెక్కుతున్నాను, అడగాలని తోచలేదు. ఆ రెండు పేర్లూ ఇక్కడ రాయను. అవి ఆమెవి.

పిల్ల పిలిచింది. నాకే వినబడలేదు.

"ఏందీ?" అంది అవ్వ, చెయ్యి చెవి వెనక పెట్టుకుని.

మళ్ళీ పిలిచింది.

"జర గట్టిగ, బిడ్డా. రష్యల అందరు చెవిటోళ్ళే అనుకో."

మూడోసారికి పిల్లకు నవ్వొచ్చింది. నవ్వులోనే ఆ మాట కూడా వచ్చేసింది, పూర్తిగా. అవ్వ "ఆఁ, చెప్పు" అంది, ఎవరో ఇంట్లోంచి పిలిస్తే పలికినట్టు. తర్వాత ఎక్కడ నొప్పి అని అడిగితే, "బలీత్" అని మోకాలు చూపించింది. ఎప్పటి నుంచి అంటే నేను తెలుగులో చెప్పాల్సి వచ్చింది. దానికి జవాబు మాత్రం చాలాసేపు నడిచింది. చిన్న కొడుకు కాన్పు దగ్గర మొదలైంది ఆ మోకాలు. పిల్ల మధ్యమధ్యలో అడుగుతూనే ఉంది, అడగాలన్న సంగతి మరిచిపోయి.

అప్పటి నుంచి రోజూ ముందే వచ్చేది. అయితే అవ్వ ఒక్కర్తే ఉంటేనే. నలుగురు చేరితే మళ్ళీ చున్నీ కొస వేలికి చుట్టుకునేది.

చివరి రోజు అరుగు నిండిపోయింది. వీధిలోవాళ్ళంతా తమ డాక్టర్లను చూడ్డానికి వచ్చారు. అవ్వ ఇస్త్రీ చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. "రోగి గిట్ల తయారైతదా?" అని పక్కామె అంటే, "దవాఖానకు పొయ్యేటప్పుడే గదా మంచి చీర గట్టేది" అంది. గరిడేపల్లి పిల్ల వాళ్ళ నాన్న మిల్లు నుంచి నేరుగా వచ్చాడు. లోపలికి రమ్మంటే దుమ్ము అంటుతుందని మెట్ల మీదే, నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

మిగతావాళ్ళందరిదీ అయింది. ఆ పిల్ల వచ్చి అవ్వ ఎదురుగా కూర్చుంది. ఆమె వేళ్ళు చున్నీ కోసం వెతకడం చూశాను. అవ్వ తల తిప్పుకుని రోడ్డు వైపు చూస్తోంది, ఎవరో ఒకరు పిలవనిదే పలకనన్నట్టు.

పిల్ల పిలిచింది. అవ్వ పేరు, వెంటనే అవ్వ తండ్రి పేరు. వీధి చివర కిరాణా కొట్టు దాకా వినిపించేంత గట్టిగా.

వాళ్ళ నాన్న చటుక్కున లేచి నిలబడ్డాడు.

"ఏయ్ పిల్లా, గదేం పిలుసుడు? పెద్దమనిషిని పేరు వెట్టి పిలుస్తవా?"

అన్నాక ఆయనకే తెలిసింది తాను ఏం చేశాడో. ఆమె నోరు విప్పితే వినడానికే మిర్యాలగూడ నుంచి బండి మీద వచ్చాడు. కానీ మాట జారిపోయింది. పిల్ల మొహం వాడిపోయింది. నేల చూసింది. నేను ఏదో ఒకటి అనాలి. ఇది వాళ్ళ మర్యాద అని, నేనే నేర్పానని చెప్పాలి. ఇంతమంది ఎదుట, నేను అవ్వ వైపు చూశాను.

అవ్వ ఇటు తిరిగింది.

"నువ్వు కూసో అయ్యా" అంది తాపీగా. "పిలిసింది నన్ను. కోపం రావాల్నంటె నాకు రావాలె. నా పేరు, మా అయ్య పేరు. నీదేం బోయింది?" తర్వాత పిల్లతో, "ఇనవడలే బిడ్డా. మల్లొకపారి పిలువు" అంది.

కిరాణా కొట్టు దాకా వినిపించిన మాట అవ్వకు వినబడకపోవడమా. పిల్ల తలెత్తింది. మళ్ళీ పిలిచింది.

"ఆఁ" అంది అవ్వ.

ఇక ఆగలేదు. ఎక్కడ నొప్పి అని, ఎప్పటి నుంచి అని, మెట్లు ఎక్కితే ఎక్కువవుతుందా అని, రాత్రి నిద్ర పడుతోందా అని. లేచి వెళ్ళి అవ్వ మోకాలు పట్టుకుని, ఇక్కడా, ఇక్కడా అని అడిగింది. అవ్వ ఒకచోట "బలీత్" అంటే ఇంకోచోట తల అడ్డంగా ఊపింది. వాళ్ళ నాన్న మెట్ల మీద కూర్చుని, నా వైపు తల ఎత్తి, "ఏమడుగుతాంది మేడం?" అన్నాడు మెల్లగా. నేనూ మెల్లగానే చెప్పాను. పక్కామె, "మాకు గూడ చెప్పు, మేమెందుకొచ్చినం?" అంది. గొంతు పెంచాను. ఒక్కో ప్రశ్నా వీధికంతటికీ వినబడేలా తెలుగులో చెప్పాను. అది నా గొంతే. ఇంట్లో మిక్సీని తిట్టే గొంతు. దాన్ని అమ్మ తప్ప ఇంకెవరైనా వినడం అదే మొదటిసారి.

అయిపోయాక వాళ్ళ నాన్న లేచి నిలబడ్డాడు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. పిల్ల ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. ఆయన ఆమెతో కాకుండా నాతో అన్నాడు.

"మేడం, రష్యాల చలికి తొడుక్కునేటియి సూర్యాపేటల దొరుకుతయా, హైదరాబాద్ పోవాల్నా?"

హైదరాబాద్‌లో అయితే మంచివి దొరుకుతాయన్నాను. "అయితె ఆదివారం పోదాం" అని కూతురితో చెప్పి, బండి తాళం కోసం జేబు తడుముకున్నాడు. పోతూ పోతూ అవ్వ దగ్గర ఆగి, "తప్పయింది పెద్దమ్మా" అన్నాడు. "నీకు గూడ నేర్పమంటవా?" అంది అవ్వ.

అందరూ వెళ్ళాక నేను కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెడుతున్నాను. అవ్వ ఇంకా తన కుర్చీలోనే ఉంది. ఇస్త్రీ చీర మడతలు మోకాలి దగ్గర నలిగిపోయాయి. పిల్ల పట్టుకున్న చోట. లోపల్నుంచి కోడలు "అత్తమ్మా, చాయ్" అని రెండుసార్లు పిలిచింది. అవ్వ పలకలేదు. నేను ఆమె కుర్చీ కోసం ఆగాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పిల్ల పోతది గద. రేపటి సంది నువ్వు పిలువు బిడ్డా, ఆమె పిలిసినట్టు. జర గట్టిగ పిలువు."